బండికీ బండికీ మధ్య వైర్‌లెస్ హెచ్చరికలు: తరచుగా అడిగే ప్రశ్నలు

వాహనాలు ఒకదానికొకటి రేడియోలో సమాచారం ఇచ్చిపుచ్చుకుని ప్రమాదాన్ని ముందే పసిగట్టే పద్ధతి గురించి మాట వచ్చినప్పుడల్లా అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. కొన్ని కొత్త కారు కొనబోయేవాళ్లవి, కొన్ని అమెరికాలోనో జర్మనీలోనో కారు నడుపుతున్న మనవాళ్లవి, కొన్ని ప్రాజెక్టు కోసం వెతుక్కుంటున్న ఇంజనీరింగ్ పిల్లలవి. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా అర్థమవుతుంది. కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## మొదట్లో వచ్చే సందేహాలు

బండ్లు మాట్లాడుకుంటాయంటారు, అసలు ఏం మాట్లాడుకుంటాయి?

ఈ సదుపాయం ఉన్న ప్రతి బండీ సెకనుకు 10 సార్ల దాకా ఒక చిన్న రేడియో సందేశాన్ని చుట్టూ వదులుతుంది. నేను ఇక్కడ ఉన్నాను, ఇటువైపు పోతున్నాను, ఇంత వేగం, బ్రేక్ నొక్కాను. అంతే. ఫలానా బండికని పంపదు. ఊళ్లో దండోరా వేసినట్టు వినగలిగినవాళ్లందరికీ ఒకేసారి. విన్న బండి తన దారినీ ఆ బండి దారినీ లెక్క కట్టి, రెండూ ఒకే చోటికి ఒకే సమయానికి చేరేలా ఉంటే తన డ్రైవర్‌ని హెచ్చరిస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. పంపే బండి ఎవరినీ ఆగమని చెప్పదు. తన సంగతి మాత్రమే చెబుతుంది. ప్రమాదం ఉందా లేదా అని తేల్చుకోవడం విన్న బండి పని.

కెమెరా, రాడార్ ఉన్న కారే కొన్నాను. మళ్లీ ఇది ఎందుకు?

కెమెరాకి అడ్డం లేనిదే కనిపిస్తుంది. రాడార్‌దీ దాదాపు అదే కథ. మీ ముందు లారీ పోతోంది, దాని ముందు కారు సడన్ బ్రేక్ వేసింది. మీ కెమెరాకి లారీ వెనక తలుపులు తప్ప ఇంకేమీ కనబడదు. లారీ డ్రైవర్ బ్రేక్ వేశాకే మీకు తెలుస్తుంది. రేడియో ఉంటే ఆ ముందు కారు బ్రేక్ వేసిన సంగతి లారీని దాటుకుని మీ దాకా వస్తుంది. మూల మీద మేడ ఉండి పక్క రోడ్డు కనబడని జంక్షన్‌లోనూ ఇంతే.

అలాగని కెమెరా, రాడార్ దండగ కాదు. గేదె అడ్డం వచ్చినా, నడిరోడ్డులో బండరాయి ఉన్నా అవి చూస్తాయి. రేడియోకి తెలిసేది రేడియో ఉన్న బండ్ల సంగతి మాత్రమే. ఒకటి ఉందని రెండోది వద్దనుకునే వ్యవహారం కాదు.

ఏ రకం ప్రమాదాలు ఆపగలదు?

జంక్షన్‌లో పక్క నుంచి వచ్చే బండిని గుద్దడం, ఎదురుగా వచ్చే బండికి అడ్డంగా తిరగడం, ముందు బండ్లు ఒక్కసారిగా ఆగినప్పుడు వెనక నుంచి ఢీకొట్టడం, ఓవర్‌టేక్ చేస్తూ ఎదురు బండి మీదికి వెళ్లడం, బ్లైండ్ స్పాట్‌లో ఉన్న బండిని చూసుకోకుండా లేన్ మారడం. క్లుప్తంగా చెప్పాలంటే రెండు బండ్ల మధ్య జరిగేవి.

అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2014లో ఒక అంచనా ఇచ్చింది. అన్ని బండ్లలోనూ ఈ పరికరం ఉంటే జంక్షన్ హెచ్చరిక, ఎడమ మలుపు హెచ్చరిక అనే రెండింటితోనే ఏడాదికి గరిష్ఠంగా 5,92,000 ప్రమాదాలు తప్పవచ్చనీ, 1,083 ప్రాణాలు నిలవవచ్చనీ. వాళ్లు కుడివైపు నడుపుతారు కాబట్టి వాళ్ల ఎడమ మలుపు మనకి కుడి మలుపు.

డ్రైవర్ కునుకు తీసి కల్వర్టుని గుద్దితేనో, వేగం అదుపు తప్పి చెట్టుకి కొడితేనో ఇది ఏమీ చేయలేదు. కల్వర్టు సందేశం పంపదు కదా.

ఇంటర్నెట్ కావాలా? ఫోన్ సిగ్నల్ లేని చోట పనిచేస్తుందా?

ఒక బండి యాంటెన్నా నుంచి ఇంకో బండి యాంటెన్నాకి నేరుగా పోయే పద్ధతికి సిమ్ అక్కర్లేదు, టవర్ అక్కర్లేదు, నెలవారీ రీచార్జ్ అక్కర్లేదు. శ్రీశైలం దారిలో నల్లమల అడవిలో ఫోన్ మూగబోయిన చోట కూడా రెండు బండ్లు ఒకదాన్ని ఒకటి వినగలవు. అయితే ఘాట్ రోడ్డులో కొండ అడ్డం వస్తే రేడియో అందే దూరం బాగా తగ్గిపోతుంది. ఈ తరంగాలు మూల తిరిగి కొంత పాకుతాయి గానీ కొండని తొలుచుకుని పోలేవు.

టవర్ మీద ఆధారపడే పద్ధతి వేరే ఉంది. వోల్వో 2016లో స్వీడన్, నార్వేల్లో మొదలుపెట్టింది అదే. ముందు కారు జారుడు రోడ్డుని గుర్తిస్తే ఆ సంగతి కంపెనీ సర్వర్‌కి వెళ్లి, అక్కడి నుంచి వెనక వచ్చే కార్లకి చేరుతుంది. కిలోమీటర్ల దూరంలో ఉన్న ప్రమాదానికి అది మేలు. కళ్ల ముందు క్షణంలో జరగబోయేదానికి నేరుగా పోయే రేడియోనే కావాలి.

## లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలనుకునేవాళ్లకి

ఆ సందేశంలో ఏమేం ఉంటాయి?

అమెరికా పద్ధతిలో దీన్ని బేసిక్ సేఫ్టీ మెసేజ్ అంటారు. అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, ఆ కొలతల్లో ఎంత తేడా ఉండవచ్చన్న అంచనా, వేగం, దిశ, స్టీరింగ్ ఎంత తిరిగి ఉంది, వేగం పెరుగుతోందా తగ్గుతోందా, బ్రేకుల పరిస్థితి, బండి పొడవు వెడల్పులు, వీటితో పాటు ఒక తాత్కాలిక గుర్తింపు అంకె. గడిచిన కొన్ని వందల మీటర్లలో బండి నడిచిన జాడ కూడా జత చేయవచ్చు. వంపు ఉన్న రోడ్డులో ముందు బండి మన లేన్‌లోనే ఉందా అని తేల్చడానికి ఆ జాడ బాగా పనికొస్తుంది. బండి నంబరు, యజమాని పేరు, ఛాసిస్ నంబరు ఉండవు.

ఎంత దూరం అందుతుంది? ఆ దూరం సరిపోతుందా?

సాధారణంగా 300 మీటర్లు అని లెక్క వేసుకుంటారు. అడ్డంకులు లేని హైవేలో ఇంకా ఎక్కువే రావచ్చు. ఫోక్స్‌వ్యాగన్ తన గోల్ఫ్ 8 కారుకి 800 మీటర్ల దాకా అని చెప్పుకుంది. సందేశం చేరడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఆ వ్యవధిలో 3 మీటర్ల లోపే కదులుతుంది.

సరిపోతుందా అన్నది మీరు చేస్తున్న పనిని బట్టి ఉంటుంది. ముందు బండి బ్రేక్ వేసిన సంగతికి 300 మీటర్లు బోలెడు. ఓవర్‌టేక్‌కి మాత్రం కాదు. డివైడర్ లేని రోడ్డులో మీరు 100 మీద, ఎదురు బండి 100 మీద ఉంటే మధ్య దూరం సెకనుకు 55 మీటర్ల చొప్పున కరిగిపోతుంది. 300 మీటర్లంటే అయిదు సెకన్ల పైచిలుకు. పొడవైన ట్రెయిలర్ లారీని దాటడానికి అంతకంటే ఎక్కువ సమయమే పడుతుంది. కాబట్టి సగం దాటాక హెచ్చరిక కూత వినిపిస్తే చేయగలిగింది బ్రేక్ వేసి వెనక్కి తగ్గడమే. ఓవర్‌టేక్ హెచ్చరిక గురించి ప్రకటనల్లో కనిపించే బొమ్మలకీ ఈ లెక్కకీ పొంతన కుదరదు. నాకు ఈ పద్ధతిలో అన్నిటికంటే తక్కువ నమ్మకం ఉన్నది దాని మీదే.

జీపీఎస్ ఒక్కోసారి పక్క వీధిలో చూపిస్తుంది. దాన్ని నమ్మి బ్రేక్ వేయాలా?

సందేహం న్యాయమైనదే. అందుకే దీనికి ఫోన్ జీపీఎస్ సరిపోదు. అమెరికా ప్రమాణం ప్రకారం ఆకాశం తెరిపిగా ఉన్న చోట కొలత దాదాపు ఒకటిన్నర మీటరు తేడాలోపు ఉండాలి. అంటే ఏ లేన్‌లో ఉందో చెప్పగలిగేంత. బండి చక్రాల వేగం, తిరుగుడు కొలిచే సెన్సర్లు కూడా తోడవుతాయి కాబట్టి చిన్న వంతెన కింద కాసేపు ఉపగ్రహం కనబడకపోయినా లెక్క చెడదు. ఇంకో సంగతి, దగ్గర దగ్గరగా ఉన్న రెండు బండ్లకి వాతావరణం వల్ల వచ్చే తేడా ఒకేలా వస్తుంది. ఇద్దరూ ఒకే వైపుకి తప్పితే వాళ్ల మధ్య దూరం మాత్రం దాదాపు సరిగ్గానే ఉంటుంది.

కష్టమైన చోట్లు లేకపోలేదు. హైదరాబాద్‌లో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ వైపు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఒక కారు, సరిగ్గా దాని కింద రోడ్డులో ఇంకో కారు పోతున్నాయనుకోండి. మ్యాప్ మీద రెండూ ఒకే చుక్క. సందేశంలో ఎత్తు కూడా పంపేది ఇందుకే. కానీ ఉపగ్రహాల లెక్కలో ఎత్తు ఎప్పుడూ కాస్త బలహీనం, పైగా కింద రోడ్డుకి పైకప్పు. ఇలాంటి చోట్ల పొరపాటు హెచ్చరికలు రాకుండా చూడడం సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకి నిజమైన తలనొప్పి.

ట్రాఫిక్ జామ్‌లో వందల బండ్లు ఒకేసారి అరిస్తే గందరగోళం కాదా?

అవుతుంది, అదుపు లేకపోతే. అదుపు పెట్టే పద్ధతులున్నాయి. వైఫై తరహా రేడియో మాట్లాడే ముందు గాలిలో ఎవరైనా మాట్లాడుతున్నారేమో విని, ఖాళీ దొరికాకే పంపుతుంది. రద్దీ పెరిగితే సెకనుకు 10 సందేశాల నుంచి తగ్గించుకుంటుంది.

యూరప్ నియమం నాకు ఇంకా తెలివైనదిగా తోస్తుంది. కిందటి సందేశం తర్వాత బండి 4 మీటర్లకు మించి కదిలితేనో, దిశ 4 డిగ్రీలకు మించి మారితేనో, వేగం సెకనుకు అర మీటరుకు మించి మారితేనో కొత్త సందేశం వెళ్తుంది. అవేమీ లేకపోతే సెకనుకి ఒకటి చాలు. పంజాగుట్టలో సిగ్నల్ దగ్గర ఇరుక్కుని కదలని కారుకి సెకనుకు పదిసార్లు చెప్పాల్సిన కబురేముంటుంది?

డీఎస్‌ఆర్‌సీ, సీ-వీటూఎక్స్ అని రెండు పేర్లు వింటున్నాను. తేడా ఏంటి?

పని ఒకటే, రేడియో వేరు. డీఎస్‌ఆర్‌సీ వైఫై కుటుంబంలోది. 2010లో వచ్చిన 802.11పీ అనే ప్రమాణం మీద నిలబడింది. యూరప్‌లో దీని తోబుట్టువుని ఐటీఎస్-జీ5 అంటారు. సీ-వీటూఎక్స్ మొబైల్ ఫోన్ల కుటుంబంలోది. 2017లో 4జీ ప్రమాణాల్లో భాగంగా వచ్చింది, 2020లో 5జీ రూపం తోడైంది. పేరులో సెల్యులార్ ఉన్నా నేరుగా పంపే పద్ధతికి టవర్ అవసరం లేదు.

రెండూ 5.9 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తాయి గానీ ఒకదాని మాట ఇంకోదానికి అర్థం కాదు. జపాన్ ఇంకో దారి పట్టి 760 మెగాహెర్ట్జ్ వాడింది. అంటే టయోటా జపాన్‌లో అమ్మిన కారుని, ఫోక్స్‌వ్యాగన్ జర్మనీలో అమ్మిన కారుని పక్కపక్కన నిలబెట్టినా రెండూ ఒకదానికొకటి కనబడవు. ఏది గొప్ప అన్న వాదన ఇంజనీర్ల మధ్య ఏళ్ల తరబడి సాగింది. రోడ్డు మీద నడిచేవాడికి కావలసింది ఏదో ఒకటి, కాకపోతే అందరికీ అదే.

## స్టీరింగ్ దగ్గర కూర్చున్నాక

హెచ్చరిక వస్తే కారే బ్రేక్ వేసేస్తుందా?

ఇప్పటిదాకా వచ్చినవాటిలో ఎక్కువ భాగం డ్రైవర్‌కి చెప్పి ఊరుకుంటాయి. స్క్రీన్ మీద గుర్తు, చెవికి కూత, కొన్ని కార్లలో సీటు అదురు. బయటి నుంచి వచ్చిన మాటని మాత్రమే నమ్మి హైవేలో గట్టిగా బ్రేక్ వేయడం, ఆ మాట తప్పయితే, వెనక వచ్చేవాడికి కొత్త ప్రమాదం. అందుకే కెమెరా గానీ రాడార్ గానీ అదే సంగతిని తన కళ్లతో చూసి ఒప్పుకున్నాకే బ్రేక్ జోలికి వెళ్లాలన్నది జాగ్రత్తపరుల పద్ధతి.

ఊరికే కూస్తుంటే విసుగు రాదా?

వస్తుంది. వచ్చిన మర్నాడే జనం దాన్ని ఆఫ్ చేస్తారు. ఈ పద్ధతికి హ్యాకర్ల కంటే పెద్ద శత్రువు ఇదే అని నా అభిప్రాయం. మన ఊళ్లలో బండ్లు ఒకదానికొకటి జానెడు దూరంలో దూసుకుపోతుంటాయి. విదేశీ రోడ్ల లేన్ల క్రమశిక్షణని నమ్మి రాసిన లెక్కని తెచ్చి అమీర్‌పేటలో పెడితే అది కూత ఆపదు. ఎంత దగ్గరైతే ప్రమాదం అన్న గీతని ఇక్కడి రోడ్ల మీద నడిపి చూసి మళ్లీ గీసుకోవాల్సిందే.

హెచ్చరిక రాలేదంటే దారి ఖాళీ అనుకోవచ్చా?

వద్దు. అవతలి బండిలో పరికరం లేకపోవచ్చు. ఉన్నా కొండ చాటునో కంటెయినర్ చాటునో ఉండవచ్చు. కూత వస్తే నమ్మండి, రాకపోతే మీ కళ్లని నమ్మండి.

## కొనేముందు

నా కార్లో ఇది ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

షోరూంలో కనెక్టెడ్ కార్ అన్న మాట వినిపిస్తే అదే ఇది అనుకోకండి. మన దగ్గర ఆ పేరుతో అమ్మేవాటిలో మామూలుగా ఉండేది ఒక సిమ్. దాంతో ఫోన్ నుంచి ఏసీ వేయవచ్చు, కారు ఎక్కడుందో చూడవచ్చు. పక్క కారుతో దానికి పరిచయం లేదు.

నిజంగా ఈ రేడియోతో రోడ్డెక్కిన కార్లున్నాయి. టయోటా 2015లో జపాన్‌లో ఐటీఎస్ కనెక్ట్ పేరుతో క్రౌన్ లాంటి కార్లలో ఇచ్చింది. అమెరికాలో 2017 కాడిలాక్ సీటీఎస్ సెడాన్‌లో వచ్చింది. యూరప్‌లో గోల్ఫ్ 8 నుంచి ఫోక్స్‌వ్యాగన్ కార్‌టూఎక్స్ అన్న పేరుతో ఇస్తోంది. జర్మనీలో ఉన్న మనవాళ్లు సెట్టింగ్స్‌లో ఆ పేరు కోసం చూడండి. సేల్స్‌మన్‌ని అడిగేటప్పుడు సూటిగా ఒకే ప్రశ్న వేయండి: సిమ్ తీసేసినా ఈ కారు పక్క కారుతో మాట్లాడుతుందా?

పాత కారుకి విడిగా పెట్టించుకోవచ్చా?

సాంకేతికంగా ఇబ్బంది లేదు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో 2012 ఆగస్టులో మొదలైన పెద్ద ప్రయోగంలో దాదాపు 2,800 బండ్లు పాల్గొన్నాయి. వాటిలో ఎక్కువ భాగం జనం వాడుకుంటున్న మామూలు బండ్లకి తర్వాత బిగించినవే. చాలావాటికి పెట్టింది తన ఉనికి చాటడం మాత్రమే తెలిసిన చవక పెట్టె. ఆ బండి డ్రైవర్‌కి హెచ్చరికలు రావు, కానీ మిగతావాళ్లకి ఆ బండి కనబడుతుంది.

మీ అంతట మీరు ఆన్‌లైన్‌లో రేడియో కొని పెట్టుకుంటే మాత్రం లాభం లేదు. సందేశం నమ్మదగిన పరికరం నుంచే వచ్చిందని రుజువు చేసే గుర్తింపు పొందిన డిజిటల్ సర్టిఫికెట్లు లేని పెట్టె మాటని ఇతర బండ్లు పట్టించుకోవు.

## భయాలు

నేను ఎక్కడెక్కడ తిరిగానో ఎవరైనా కనిపెట్టేస్తారా? చలాన్లు వస్తాయా?

తాత్కాలిక గుర్తింపు అంకె కొన్ని నిమిషాలకోసారి మారిపోతుంది, దాంతో పాటు సందేశం మీద సంతకం చేసే సర్టిఫికెట్ కూడా. అమెరికా నమూనాలో ఒక్కో బండికి వారానికి 20 సర్టిఫికెట్లు ఇచ్చి మార్చి మార్చి వాడిస్తారు. ఏ సర్టిఫికెట్ ఏ బండిదో ఒక్క సంస్థకే పూర్తిగా తెలియకుండా ఆ సమాచారాన్ని ముక్కలు చేసి వేర్వేరు సంస్థల దగ్గర ఉంచుతారు. కాబట్టి ఈ సందేశాల ఆధారంగా ఫలానా నంబరు బండి అతివేగం అని తేల్చడం ఈ రూపకల్పనలో కుదరదు.

ఊరంతా యాంటెన్నాలు పెట్టి పట్టుదలగా వెంటాడేవాడికి కొంత దొరుకుతుంది, నిజమే. కానీ అంత కష్టపడేవాడికి నంబరు ప్లేటు చదివే కెమెరా ఇంకా సులువు. మీ జేబులో ఫోన్ మీ గురించి ఇంతకంటే చాలా ఎక్కువ చెబుతోంది.

ఎవడో ఆకతాయి దొంగ సందేశం పంపి రోడ్డంతా ఆపేస్తే?

ప్రతి సందేశం మీదా డిజిటల్ సంతకం ఉంటుంది. సరైన సర్టిఫికెట్ లేనిది చెత్తబుట్టకే. నిజమైన పరికరాన్నే దొంగిలించి అబద్ధాలు చెప్పిస్తే? విన్న బండ్లు పొంతనలేని మాటల్ని గుర్తిస్తాయి. ఒక కారు ఇంకో కారులోంచి దూరిపోతున్నట్టో, సెకనులో అర కిలోమీటరు దూకినట్టో చెబితే అనుమానించి ఫిర్యాదు పంపుతాయి. ఫిర్యాదులు పోగుపడితే ఆ పరికరం సర్టిఫికెట్లు రద్దవుతాయి. ఇక రేడియోని మొత్తంగా జామ్ చేసేవాడు ఉంటే హెచ్చరికలు ఆగిపోతాయి, కారు ఆగదు. మీరు ఇప్పుడు నడుపుతున్నట్టే నడుపుతారు.

రేడియేషన్?

సీ-వీటూఎక్స్ పరికరం గరిష్ఠ శక్తి సాధారణంగా 200 మిల్లీవాట్ల దగ్గర. 4జీ ఫోన్‌దీ అంతే. పైగా యాంటెన్నా ఉండేది కారు పైకప్పు మీద, చెవి దగ్గర కాదు.

## ఇంత మంచిదైతే ఇంకా ఎందుకు రాలేదు?

ఇరవై ఏళ్ల నుంచి వస్తుంది వస్తుంది అంటున్నారు. ఎక్కడ ఆగింది?

అమెరికా కథ చూస్తే అర్థమవుతుంది. అక్కడి రేడియో తరంగాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1999లోనే 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర 75 మెగాహెర్ట్జ్ వెడల్పున్న చోటుని వాహనాల కోసం పక్కన పెట్టింది. ఆన్ ఆర్బర్ ప్రయోగం పద్ధతి పనిచేస్తుందని చూపించింది. 2016 డిసెంబరులో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ కొత్త కార్లన్నిటిలో దీన్ని తప్పనిసరి చేస్తామని ప్రతిపాదించింది. ఆ తర్వాత ప్రభుత్వం మారింది, ప్రతిపాదన అల్మరాలోకి వెళ్లింది. 2023లో దాన్ని అధికారికంగా ఉపసంహరించుకున్నారు. తప్పనిసరి కానప్పుడు ఏ కంపెనీ ముందు ఖర్చు పెడుతుంది? టయోటా 2021 నుంచి అమెరికాలో డీఎస్‌ఆర్‌సీ ఇస్తానని 2018లో ప్రకటించి, 2019 ఏప్రిల్‌లో ఆ పని ఆపేసింది.

మరోవైపు ఇళ్లలో వైఫైకి గాలిలో చోటు చాలడం లేదు. ఇరవై ఏళ్లుగా దాదాపు ఖాళీగా పడి ఉన్న ఈ చోటు మీద అందరి కన్నూ పడింది. 2020 నవంబరులో ఎఫ్‌సీసీ కింది 45 మెగాహెర్ట్జ్‌ని వైఫై లాంటివాటికి ఇచ్చేసి, వాహనాలకి పై 30 మాత్రమే, అదీ సీ-వీటూఎక్స్‌కి అని నిర్ణయించింది. రవాణా సంఘాలు కోర్టుకెళ్లాయి, 2022లో ఓడిపోయాయి. డీఎస్‌ఆర్‌సీ మీద రాష్ట్రాలు పెట్టిన పరికరాలన్నీ పాతసామాను అయిపోయాయి. 2024 నవంబరులో సీ-వీటూఎక్స్‌కి తుది నిబంధనలు వచ్చాయి. తప్పనిసరి నియమం మాత్రం లేదు.

రేడియో చేతకాక ఆగిన పని కాదు ఇది. ఏ రేడియో, ఎవరి ఖర్చు, ఎవరు ముందు అన్న మూడు మాటల దగ్గర తెగక ఆగింది.

ముందుగా కొన్నవాడికి లాభం ఏంటి?

మొదట్లో దాదాపు ఏమీ లేదు. హెచ్చరిక రావాలంటే ఢీకొనబోయే రెండు బండ్లలోనూ పరికరం ఉండాలి. వందలో 10 బండ్లకి ఉంటే, ఎదురుపడే ఏ రెండు బండ్లకైనా రెండిటికీ ఉండే అవకాశం నూటికి 1. ముప్ఫై బండ్లకి ఉంటే 9. సగానికి ఉన్నా 25 మాత్రమే. ఎయిర్‌బ్యాగ్ కొన్నవాడిని అది మొదటి రోజు నుంచీ కాపాడుతుంది. ఇది పక్కవాడు కొంటేనే పనిచేస్తుంది. ప్రభుత్వం పూనుకోకుండా మార్కెట్‌కి వదిలేస్తే ఇలాంటిది వ్యాపించదని నేననుకునేది అందుకే.

యూరప్, చైనా ఏం చేస్తున్నాయి?

యూరప్‌లోనూ తగవు తెగలేదు. ఐటీఎస్-జీ5 వైపు మొగ్గిన నిబంధనని సభ్యదేశాలు 2019 జులైలో తిరస్కరించాయి. అయినా పని ఆగలేదు. ఆస్ట్రియా తన మోటర్‌వేల పక్కన ఐటీఎస్-జీ5 పరికరాలు పెట్టింది. జర్మనీ హైవేల మీద మరమ్మతు పనుల దగ్గర నిలబెట్టే హెచ్చరిక ట్రెయిలర్లు కూడా సందేశాలు పంపుతాయి. చైనా 2018లో 20 మెగాహెర్ట్జ్‌ని సీ-వీటూఎక్స్‌కి కేటాయించి ఒకే దారిలో వెళ్తోంది.

## మన రోడ్ల మీద

ఇండియాలో ఎవరైనా చేసి చూశారా?

చూశారు, అదీ మన దగ్గరే. సంగారెడ్డి జిల్లా కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణంలో 2022లో సుజుకీ, మారుతీ సుజుకీలతో కలిసి సీ-వీటూఎక్స్ ప్రదర్శన జరిగింది. అంబులెన్స్ వస్తోందని, రాంగ్ రూట్‌లో బండి వస్తోందని, మోటర్ సైకిల్ దగ్గరికి వస్తోందని, మనిషి అడ్డం రాబోతున్నాడని, ముందు రోడ్డు బాగోలేదని కారుకి చెప్పడం. ఎంచుకున్న సందర్భాలు చూస్తేనే ఇక్కడి రోడ్లు ఎరిగినవాళ్లు కూర్చుని ఆలోచించారని తెలుస్తుంది.

దీన్ని వేరేవాటితో కలిపేసుకోకండి. బస్సులకీ క్యాబ్‌లకీ ఏఐఎస్-140 అనే ప్రమాణం కింద పెట్టే పరికరం బండి ఎక్కడుందో కంట్రోల్ రూమ్‌కి చెబుతుంది, పక్క బండికి కాదు. తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఐరాస్తే ప్రాజెక్టు కింద పెట్టినవి కెమెరాతో పనిచేసే హెచ్చరికలు. రెండూ మంచివే, ఇది వేరు.

టూ వీలర్లు, ఆటోలు ఉన్న రోడ్డులో కార్లకి పెట్టి ఏం లాభం?

ఈ ప్రశ్న వేసేవాళ్లు అసలు విషయం పట్టుకున్నట్టే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. కారుకీ కారుకీ మధ్య మాటలు కుదిర్చి బైకుని వదిలేస్తే పెద్ద సమస్య అలాగే ఉంటుంది.

బైకుకి పెట్టడం కుదురుతుంది. బీఎండబ్ల్యూ, హోండా, యమహా లాంటి కంపెనీలు కనెక్టెడ్ మోటర్‌సైకిల్ కన్సార్షియం పేరుతో ఒక జట్టుగా ఏర్పడి ఈ పనే చూస్తున్నాయి. చిక్కులు వేరే. యాంటెన్నాకి నడిపేవాడి ఒళ్లే అడ్డం. బండి వంగినప్పుడు లెక్క మారుతుంది. లక్ష రూపాయల బండి మీద ప్రతి వెయ్యీ కొనేవాడికి బరువే. కాబట్టి బైకులకి తన ఉనికి చాటే చవక పెట్టె చాలు, వినడం కార్లూ బస్సులూ లారీలూ చూసుకుంటాయి అన్న ఏర్పాటు మనకి సరిపోతుందని నా ఆలోచన. బైకు నడిపేవాడికి హెల్మెట్‌లో కూత వినిపించడం కంటే, లారీవాడికి బైకు కనిపించడం ముఖ్యం.

రాంగ్ రూట్‌లో వచ్చేవాడిని పట్టిస్తుందా?

అతని బండిలో పరికరం ఉంటే, సులువుగా. డివైడర్ ఉన్న రోడ్డులో మీ లేన్‌లోనే మీకు ఎదురు దిశలో వస్తున్న బండి అన్నది చాలా తేలిక లెక్క, పొరపాటుకి తావు తక్కువ. యూ టర్న్ దూరమని రెండు కిలోమీటర్లు ఎదురు వచ్చే ట్రాక్టర్లకి మొదట దీన్ని బిగించాలి.

అంబులెన్స్‌కి దారి దొరుకుతుందా?

రెండు రకాలుగా. అంబులెన్స్ తన ఉనికి చాటితే సైరన్ వినపడక ముందే, ఏ వైపు నుంచి వస్తోందో కూడా, ముందు కార్లకి తెలుస్తుంది. రెండోది, కూడలిలో సిగ్నల్ స్తంభానికి ఇదే రేడియో ఉంటే అంబులెన్స్ పచ్చదీపం అడగవచ్చు. అమెరికాలో సాల్ట్ లేక్ సిటీలో 2017 నుంచి సిటీ బస్సులకి ఇలాంటి ఏర్పాటు ఉంది. అక్కడ బస్సు ఆలస్యమైతేనే సిగ్నల్‌ని అడుగుతుంది, వేళకి నడుస్తుంటే అడగదు.

ఒకేసారి అందరికీ కుదరదు కదా, ముందు ఏ బండ్లకి పెడితే మేలు?

అమెరికాలో వయోమింగ్ రాష్ట్రం ఐ-80 హైవే మీద లారీలతోనూ మంచు తొలగించే బండ్లతోనూ మొదలుపెట్టింది. మంచు తుపాన్లు, ఈదురు గాలులు ఉండే దారి అది, లారీల రద్దీ ఎక్కువ. మనమూ అలాగే ఎంచుకోవాలి. ఆర్టీసీ బస్సులు, అంబులెన్స్‌లు, హైవే పెట్రోలింగ్ జీపులు, రోడ్డు పనులు చేసే బండ్లు, లారీలు. ఇవి కొద్దిమంది చేతిలో ఉంటాయి, రోజంతా రోడ్డు మీదే ఉంటాయి.

లారీల విషయంలో ఒక షరతు పెట్టాలి. మన హైవేల మీద రాత్రిపూట పార్కింగ్ లైట్లు కూడా లేకుండా నిలిపేసిన లారీని వెనక నుంచి గుద్దిన వార్త పేపర్లో తరచుగా కనిపిస్తుంది. ఇంజిన్ ఆపి తాళంచెవి తీయగానే పరికరం కూడా ఆగిపోయేలా వైరింగ్ చేస్తే ఆ లారీ రేడియోలో కూడా చీకట్లో నిలబడినట్టే. ఇంజిన్ ఆపినా బ్యాటరీ మీద కనీసం కొన్ని గంటల పాటు, సెకనుకి ఒక్కసారైనా, నేనిక్కడ ఆగి ఉన్నానని చెబుతూనే ఉండాలి. టెండర్ రాసేవాళ్లు ఈ ఒక్క వాక్యం మరిచిపోకుండా చూడాలి.